పాలకూర అందరికీ పథ్యమేనా?

(మన దేవాలయ సంఘ వార్షికోత్సవ సభలో రెండవ తరం సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆషాఢమాసంలో విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు మూడు రోజులపాటు శాకంబరీ అలంకారం చేస్తారు. అమ్మవారి చుట్టూ పూలకు బదులు వంకాయలు, బీరకాయలు, ఆకుకూరల కట్టలు దండలై వేలాడుతాయి. ఆ కూరలతోనే కదంబం వండి భక్తులకు ప్రసాదంగా పంచుతారు. శాకాన్ని దేవతా స్వరూపంగా భావించిన సంప్రదాయం మనది. అటువంటి చోట నిలబడి "ఈ కూర కొందరికి సరిపడదు" అని చెప్పడానికి నాకు కొంత సంకోచంగానే ఉన్నది. అయినా ఈనాటి నా విషయం అదే. ఆ కూర పాలకూర.

ముందుగా పాలకూరకు చెందవలసిన గౌరవాన్ని చెల్లిస్తాను. గర్భిణులకు అత్యవసరమైన ఫోలేట్, కంటికి మేలు చేసే కెరోటిన్, పీచు, పొటాషియం, విటమిన్ కె దానిలో సమృద్ధిగా ఉన్నాయి. కేలరీలు అత్యల్పం. మూత్రపిండాలు చక్కగా పనిచేస్తూ, ప్రత్యేకమైన మందులేవీ వాడని వ్యక్తి వారానికి రెండుమూడు సార్లు పాలకూర పప్పు తింటే నాకు సంతోషమే. ఈ ప్రసంగం విని రేపటినుండి ఎవరైనా పాలకూర మానివేస్తే మాత్రం నా శ్రమ వృథా అయినట్లు.

మరి ఎందుకు మాట్లాడుతున్నాను? మీరు దోహాలో పుట్టారు, లేదా పసితనంలో ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు ఇంటి వంటను, ఇంటిలోని పెద్దల మందులను రెండింటినీ మీరే చూచుకొనే వయస్సు వచ్చినది. శీతాకాలం రాగానే ఊరి నుండి అమ్మమ్మ, తాతగారు, అత్తగారు, మామగారు వస్తారు. వారి సంచిలో ఆరు నెలలకు సరిపడ మందుల స్ట్రిప్పులు, నలిగిన మందుల చీటీ ఉంటాయి. వారి ఆరోగ్యం బాగుపరచాలన్న ప్రేమతో మీరు ఉదయం పచ్చి పాలకూర స్మూతీ, మధ్యాహ్నం సలాడ్, సాయంత్రం కొబ్బరినీళ్ళు ఇస్తారు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కాని తాతగారి సంచిలోని చీటీకి, మీ ఫ్రిజ్‌లోని పాలకూర ప్యాకెట్టుకు సంబంధం ఉన్నదని మీకు ఎవరో ఒకరు చెప్పాలి.

'పథ్యం' అన్న మాట మీ ఇళ్ళలో విని ఉంటారు. జ్వరం వచ్చినపుడు బీరకాయ కూర, చారన్నం పెట్టి "పథ్యం చెయ్యి" అంటారు. మనం ఆ మాటను నిషేధానికి పర్యాయపదం చేసుకున్నాం. చరక సంహితలో దాని అర్థం మరింత విశాలం. ఏ పదార్థమూ తనంతట తాను పథ్యమూ కాదు, అపథ్యమూ కాదు. ఎంత తిన్నారు, ఏ కాలంలో తిన్నారు, ఎట్లా వండారు, ఏ నేల మీద ఉన్నారు, ఎవరి దేహం, ఆ దేహంలో ఏ దోషం ఉన్నది అన్నదానిని బట్టి అది మారుతుందని అక్కడ చెప్పారు. నేను చదివినది ఆధునిక వైద్యం. అయినా పాలకూర విషయంలో నా రోగులను నేను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

నేల సంగతితో మొదలు పెడతాను. మనం ఉన్నది కతర్. జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించరాదని ఇక్కడి ప్రభుత్వం 2021లో నిబంధన విధించినదంటే ఎండ తీవ్రత ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. చెమట రూపంలో నీరు పోయినకొద్దీ మూత్రం తగ్గి చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో లవణాలు స్ఫటికాలుగా పేరుకొనడమే రాళ్ళకు ఆరంభం. కువైట్, ఇరాక్ ప్రాంతాలలో పనిచేస్తూ రాళ్ళ నొప్పితో ఆసుపత్రికి వచ్చిన 182 మంది అమెరికా సైనికులను పరిశీలించి, 2005లో అక్కడి వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు. ఎడారికి వచ్చిన తరువాత నొప్పి మొదలుకావడానికి పట్టిన కాలం సగటున 93 రోజులు. ఆరోగ్యవంతులైన యువకులు, మూడు నెలలు! జగిత్యాల నుండో, సిక్కోలు నుండో వచ్చి ఎండలో పనిచేసే మన సోదరుల పరిస్థితి మీరే ఊహించండి.

"మేము ఏసీలో ఉంటాము కదా" అని మీరు అనవచ్చు. ఏసీలో మరొక చిక్కు ఉన్నది. దప్పిక తెలియదు. ఉదయం ఒక కడక్ చాయ్, మధ్యాహ్నం ఒక కాఫీ, సాయంత్రం ఇంకొక కడక్‌తో రోజు గడచిపోతుంది. దానికి తోడు తొలి ఏకాదశి తరచుగా జూలైలో వస్తుంది. నిర్జలోపవాసం చేసి, అదే రోజు కారులో, ఎండలో తిరిగేవారు మనలో ఉన్నారు. ఒకసారి రాయి వచ్చిన వారు ఉపవాసం చేయదలిస్తే నీరు మానకుండ చేయండి. ఈ మాట నేను అర్చకస్వామి వారి సమక్షంలోనే చెబుతున్నాను. వారు తల ఊపారు.

ఇక రాయికి, పాలకూరకు ఉన్న బంధుత్వం. మూత్రపిండాల రాళ్ళలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్‌తో ఏర్పడేవి. ఆక్సలేట్ మన కాలేయంలో కొంత తయారవుతుంది, ఆహారం నుండి కొంత వస్తుంది. ఆహారంలో దానికి పెద్దపీట పాలకూరదే. వంద గ్రాముల పచ్చి పాలకూరలో రకాన్ని బట్టి సుమారు 600 నుండి 900 మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉంటుంది. సాధారణ భోజనంలో రోజు మొత్తానికి వచ్చేది దాదాపు 100 నుండి 200 మిల్లీగ్రాములు మాత్రమే. అమెరికాలో వేలాది మంది ఆహారపు అలవాట్లను ఏళ్ళ తరబడి గమనించిన ఒక పరిశీలన 2007లో వెలువడినది. వారు తిన్న ఆక్సలేట్‌లో 40 శాతానికి పైగా ఒక్క పాలకూర నుండే వచ్చినదట. అదే పరిశీలన మరొక మాట కూడ చెప్పినది: ఆక్సలేట్ ఎక్కువగా తిన్నవారికి రాళ్ళు వచ్చే అవకాశం పెరిగినది గాని, ఆ పెరుగుదల స్వల్పమే. అందుచేత రాళ్ళ చరిత్ర లేనివారు భయపడనక్కరలేదు. ఒకసారి రాయి వచ్చినవారు, మూత్రపరీక్షలో ఆక్సలేట్ ఎక్కువగా ఉన్నవారు, ప్రేగు జబ్బులున్నవారు, గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్నవారు జాగ్రత్త పడాలి.

ఇక్కడ టమాటా పక్షాన ఒక మాట చెప్పాలి. "పాలకూర, టమాటా కలిపి వండితే రాళ్ళు వస్తాయి" అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. మీ అమ్మగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! టమాటాలో ఆక్సలేట్ చాల తక్కువ. నేరమంతా చేసినది పాలకూర, నింద పడినది టమాటాపై. టమాటా తీసివేసి పాలకూర రెట్టింపు చేసుకొని, పథ్యం చేశామని తృప్తిపడే వారిని నేను చాలమందిని చూచాను. వారికి రాళ్ళు మళ్ళీ వచ్చాయి. రాయి ఉన్నవారు మానవలసినదో, తగ్గించవలసినదో పాలకూరనే. తోటకూర, బచ్చలి, తెలంగాణలో గంగవాయిలి అనే పావిలికూర కూడ ఈ కోవలోనివే. చుక్కకూర పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం పాలు పెద్దది. శీతాకాలంలో నాలుగు చినుకులు పడగానే ఇక్కడి ఎడారిలో ఎర్రని రెక్కల కాయలతో మొలిచే మొక్క ఒకటి ఉన్నది, చూచారా? అది మన చుక్కకూర జాతే. అరబ్బులు దానిని పులుపును సూచించే పేరుతోనే పిలుస్తారు. పిక్నిక్‌కు వెళ్ళినపుడు రెండాకులు నమలితే ఏమీ కాదు.

రెండవ అపోహ మరింత ప్రమాదకరమైనది. రాయిలో కాల్షియం ఉన్నదని తెలియగానే పాలు, పెరుగు మానివేస్తారు. ఫలితం తలక్రిందులవుతుంది. పాలకూరతో పాటు కాల్షియం కడుపులోకి వెళితే అది అక్కడే, ప్రేగులోనే, ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో బయటకు తీసుకొని పోతుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి ప్రవేశించి మూత్రపిండానికి చేరుతుంది. ఇటలీలో మళ్ళీమళ్ళీ రాళ్ళు వచ్చే 120 మంది పురుషులను రెండు జట్లుగా విభజించి ఐదేళ్ళు గమనించారు. ఒక జట్టు కాల్షియం తగ్గించినది. రెండవ జట్టు కాల్షియం మామూలుగానే తీసుకొని, ఉప్పును, మాంసాన్ని తగ్గించినది. 2002లో ఫలితాలు ప్రచురించారు. కాల్షియం తగ్గించిన అరవై మందిలో 23 మందికి మళ్ళీ రాళ్ళు వచ్చాయి. రెండవ జట్టులోని అరవై మందిలో 12 మందికి మాత్రమే. కాబట్టి పాలకూర పప్పన్నం తరువాత పెరుగన్నం తినే మన భోజన క్రమం చాల తెలివైనది. పెరుగు లేకుండ భోజనం ముగించే అలవాటు మీ తరంలో పెరుగుతున్నది. అది నాకు నచ్చని విషయం. అయితే కాల్షియం మాత్రల సంగతి వేరు. భోజనంతో సంబంధం లేకుండ వేసుకొనే మాత్ర ఈ పని చేయదు. వాటిని వైద్యుని అడిగి వాడాలి.

వండే తీరు గురించి. పాలకూరను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వార్చివేస్తే, నీటిలో కరిగే ఆక్సలేట్‌లో చెప్పుకోదగిన భాగం పోతుంది. కొన్ని పరిశోధనలలో మూడవ వంతు, కొన్నిటిలో అంతకు ఎంతో ఎక్కువ. ఆవిరిపై ఉడికిస్తే పోయేది తక్కువ. పప్పుతో పాటు కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తే ఏమీ పోదు, అంతా పప్పులోనే ఉంటుంది. అమ్మమ్మల కాలంలో అన్నం గంజి వార్చినట్లే ఆకును విడిగా ఉడికించి వార్చి, తరువాత ఉడికిన పప్పులో కలపండి. కొన్ని విటమిన్లు కూడ ఆ నీటితో పోతాయి, నిజమే. రాయి వచ్చిన మనిషికి అది పెద్ద నష్టం కాదు. ఆకు రుచి కావాలంటే మెంతికూర ఉన్నది, ఆవకూర ఉన్నది. ఇక్కడ ప్రతి దుకాణంలోను కట్టలు కట్టి అమ్మే జిర్జీర్ ఉన్నది. ఈ మూడింటిలో ఆక్సలేట్ తక్కువ. జిర్జీర్‌తో పచ్చడి చేసి చూడండి. కాస్త ఘాటుగా ఉంటుంది, వేడి అన్నంలో బాగుంటుంది.

వీటన్నిటికంటె మంచి మందు నీరు. మళ్ళీ ఇటలీ వారే 1996లో చూపించారు: మొదటి రాయి వచ్చిన వారిలో నీరు ఎక్కువగా త్రాగి రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండ మూత్రం వచ్చేటట్లు చూచుకున్నవారిలో ఐదేళ్ళలో 12 శాతానికి, అలా చేయని వారిలో 27 శాతానికి రాళ్ళు తిరిగి వచ్చాయి. నేడు మేము రెండున్నర లీటర్ల మూత్రం రావాలని చెబుతున్నాం. ఎంత నీరు త్రాగారన్నది లెక్క కాదు, ఎంత మూత్రం వచ్చినదన్నది లెక్క. దోహా వేసవిలో ఈ రెండింటికీ మధ్య చాల దూరం ఉన్నది. గుండె జబ్బు, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. వారి నీటి కొలత వైద్యుడు చెప్పాలి.

స్మూతీ గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. క్షమించండి. గిన్నెడు వండిన పాలకూరను ఎవరైనా తినగలరు. గంపెడు ఎవరూ తినలేరు. మిక్సీకి ఆ హద్దు లేదు. పచ్చి పాలకూర రెండు దోసిళ్ళు, బాదం పాలు, బీట్‌రూట్ ముక్క, పైన విటమిన్ సి మాత్ర - వీటిలో ప్రతి ఒక్కటీ ఆక్సలేట్‌ను పెంచేదే. పెరుగు ఉండదు, వార్చడం ఉండదు. అమెరికాలో అరవై ఐదేళ్ళ స్త్రీ ఒకామె శరీరాన్ని శుద్ధి చేసుకోవాలని కొన్నాళ్ళు ఇటువంటి ఆకుపచ్చని పానీయాలు త్రాగినది. అంతకు ముందు ఆమె మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. కాని చాలకాలం క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగినది, ఆ మధ్య చాలరోజులు యాంటీబయాటిక్ మందులు వాడినది. మూత్రపిండాల నిండా ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకొని, చివరకు శాశ్వత వైఫల్యానికి దారితీసినది. 2018లో వైద్య పత్రికలో ఈ వృత్తాంతం ప్రచురితమైనది. ఊబకాయానికి శస్త్రచికిత్సలు ఇక్కడ అరుదు కాదు. అందుకే మీకు చెప్పడం. ఏ రకం శస్త్రచికిత్స జరిగినదో కాగితం చూచి తెలుసుకోండి. బైపాస్ అయితే ఈ పానీయాల జోలికి పోకండి.

ఇప్పుడు తాతగారి మందుల చీటీ విప్పుదాం.

అందులో వార్ఫరిన్ గాని, అసిట్రోమ్ గాని ఉన్నదా? చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్ల గుండె కవాటం దెబ్బతిని, కృత్రిమ కవాటం వేయించుకున్న వారు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండ వారు జీవితాంతం ఈ మాత్ర వేసుకోవాలి. ఈ మందు పుట్టుక చిత్రమైనది. 1920ల ప్రాంతంలో ఉత్తర అమెరికాలో పాడైన గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం వెలికితీసినది. దానినుండి వచ్చిన వార్ఫరిన్ 1948లో మొదట ఎలుకల మందుగా అంగడికెక్కి, తరువాత మనుషులను కాపాడే మందు అయినది. అది చేసే పని విటమిన్ కె పనిని అడ్డుకోవడం. పాలకూరలో ఉన్నది ఆ విటమిన్ కె. వంద గ్రాములలో దాదాపు 480 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు చాలినది 90 నుండి 120.

అంటే తాతగారు పాలకూర మానివేయాలా? అక్కరలేదు. ఈ మాట చాలమంది వైద్యులు కూడ తొందరలో స్పష్టంగా చెప్పరు. కావలసినది నిలకడ. వారానికి రెండుసార్లు తినే అలవాటు ఉంటే రెండుసార్లే తినాలి. మందు మోతాదు ఆ అలవాటుకు తగినట్లు నిర్ణయమవుతుంది. ఊరిలో అలా తింటున్న మనిషికి ఇక్కడ మీరు రోజూ స్మూతీ ఇస్తే మందు బలం తగ్గి కవాటంపై రక్తం గడ్డకట్టవచ్చు. అది మెదడుకు చేరితే పక్షవాతం. దీనికి వ్యతిరేకమైన సందర్భం మన సంప్రదాయంలోనే ఉన్నది. చాతుర్మాస్య వ్రతంలో మొదటి నెల శాకవ్రతం. కూరలు, ఆకులు విడిచిపెట్టే నియమం. అసిట్రోమ్ వేసుకొనే అమ్మమ్మ నెలరోజులు ఆకుకూర ముట్టకపోతే అదే మాత్ర అధికమై చిగుళ్ళనుండి, ముక్కునుండి, కొన్నిసార్లు లోపల ఎక్కడో రక్తం కారవచ్చు. వ్రతం మానమని నేను అనను. వ్రతం పట్టేముందు, పట్టిన వారానికి, విడిచిన వారానికి ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించండి. సాధారణంగా ఆ అంకె 2కు, 3కు మధ్య ఉండాలి; కవాటం రకాన్ని బట్టి కొందరికి కొంత ఎక్కువ. ఊరి నుండి దోహా వచ్చిన వారానికి కూడ ఒకసారి చూడడం మంచిది. నీరు, తిండి, వేళలు అన్నీ మారి ఉంటాయి.

ఒక తికమకను ఇక్కడే తొలగిస్తాను. మన పెద్దలు ఆస్పిరిన్‌ను, క్లోపిడోగ్రెల్‌ను కూడ "రక్తం పలచబడే మాత్ర" అనే అంటారు. వాటికి ఆకుకూరలతో ఈ పేచీ లేదు. ఎపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ అనే కొత్త మందులకూ లేదు. కనుక పేరు వినకండి, స్ట్రిప్పు చదవండి.

చీటీలో టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరనొలాక్టోన్ వంటి పేర్లుండి, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ప్రశ్న మారుతుంది. అప్పుడు చూడవలసినది పొటాషియం. ఆరోగ్యవంతుల మూత్రపిండాలు తిన్న పొటాషియంలో ఎక్కువైన దానిని ఎప్పటికప్పుడు బయటకు పంపుతాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు పంపలేవు. పైన చెప్పిన మందులు దానిని మరికొంత నిలుపుతాయి. రక్తంలో అది 3.5కు, 5కు మధ్య ఉండవలసినది 6 దాటితే గుండె లయ తప్పుతుంది, ఒక్కొక్కసారి హెచ్చరిక లేకుండ ఆగిపోతుంది.

నేను విశాఖలో చదువుకున్నాను. కింగ్ జార్జ్ ఆసుపత్రికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుండి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల నుండి వచ్చే రోగులను చూచాను. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, నలభై ఏళ్ళకే మూత్రపిండాలు పోయాయి. కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో వారికొరకు ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఆ ఉద్దానం నుండి గల్ఫ్ దేశాలకు వలస వచ్చిన వారు తక్కువేమీ కాదు; మీలో కొందరి తాతల ఊళ్ళు అవే. కొబ్బరితోటల నడుమ పుట్టిన మనిషికి కొబ్బరిబోండం త్రాగవద్దని చెప్పవలసి రావడం వైద్యవృత్తిలో బాధాకరమైన పనులలో ఒకటి. పొటాషియం పెరిగినవారికి కొబ్బరినీళ్ళు, పాలకూర రసం, బంగాళాదుంప, ఖర్జూరం ఒకే రోజున పడితే ప్రమాదం. ఉప్పు తగ్గించాలని కొనే 'లో సోడియం' ఉప్పులో సోడియం స్థానంలో ఉండేది చాలవరకు పొటాషియం క్లోరైడే. మీ తాతగారి వంటలో దానిని వేయకండి. అది పాలకూర కంటె ఎక్కువ అపాయకరం.

అయితే మూత్రపిండాల జబ్బు అనగానే ఆకుకూరలన్నీ మాన్పించడం కూడ సరి కాదు. పొటాషియం మామూలుగా ఉన్నవారికి అంత కట్టడి అవసరం లేదు. కూరగాయలు మానితే మలబద్ధకం వచ్చి పొటాషియం ఇంకా నిలిచిపోతుంది. పరీక్ష చెప్పినంతవరకే కట్టడి. తినేటపుడు, రాళ్ళకు చెప్పినట్లే, సన్నగా తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి వార్చాలి. వార్చిన నీటితో చారు పెట్టకండి. మన వాళ్ళు ఏదీ పారవేయరు కదా, అందుకని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంతవరకు పెద్దల గురించి చెప్పాను. మీ పిల్లల విషయంలో పాలకూరతో చిక్కు లేదు గాని, ఇక్కడి ఉదయపు భోజనంలో ఉన్న ఒక గింజ గురించి చెప్పి తీరాలి. సూఖ్ వాఖిఫ్‌లో రొట్టెతో పాటు గిన్నెలో పెట్టే ఫూల్ మీ అందరికీ తెలుసు. చవకైనది, మంచి మాంసకృత్తులున్నది, శాకాహారం. కాని జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్నవారికి ఆ గింజలోని పదార్థాలు ఎర్ర రక్తకణాలను పగులగొడతాయి. తిన్న ఒకటి రెండు రోజులలో మూత్రం నల్లని డికాషన్ రంగులో వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి, పిల్లవాడు పాలిపోయి సొమ్మసిల్లుతాడు. అది ఇంట్లో కషాయంతో చూచే కామెర్లు కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. ఈ లోపం ప్రపంచంలో 40 కోట్లమందికి పైగా ఉన్నది, అరబ్బు దేశాలలోను, మన దేశంలోను ఉన్నది. తల్లి ద్వారా సంక్రమిస్తుంది, ఎక్కువగా మగపిల్లలలో బయటపడుతుంది. విశాఖ మన్యంలో మలేరియా రోగులకు ప్రైమాక్విన్ ఇచ్చేముందు మేము దీనిని గురించే ఆలోచించేవాళ్ళం. అదే లోపం, అదే ఫలితం.

తెలుగులో కొందరు ఫూల్‌ను చిక్కుడు గింజ అంటారు. పొరపాటు. మన చిక్కుడుకాయ వేరు, ఆ గింజ వేరు. మన చిక్కుడు, శనగలు, పెసలు తినవచ్చు. హమ్మస్ శనగలతో చేసినది, తినవచ్చు. ఫలాఫెల్ విషయంలో మాత్రం అడగాలి. ఈజిప్టు వారు చేసేది ఫూల్ గింజలతో, లెబనాన్ వైపు వారు చేసేది ఎక్కువగా శనగలతో. మేనమామలలో గాని, అన్నదమ్ములలో గాని పుట్టగానే తీవ్రమైన కామెర్లు వచ్చినవారు, ఏదో మందు పడక మూత్రం నల్లబడినవారు ఉంటే పిల్లవానికి ఒకసారి పరీక్ష చేయించండి. చిన్న రక్తపరీక్ష.

మన అన్నదానం వంటశాలను చూచే సోదరులు ఈ ప్రసంగానికి ముందు నన్ను ఒక ప్రశ్న అడిగారు: శుక్రవారం పాలకూర పప్పు వండవచ్చునా, మానవలెనా? వండండి. ఆకును విడిగా ఉడికించి వార్చి కలపండి. దానితో పాటు బీరకాయో, సొరకాయో మరొక కూర ఉంచండి, పెరుగు తప్పనిసరి. ఏ రోజు ఏ ఆకు వండారో పలకపై వ్రాసి వడ్డన దగ్గర పెట్టండి. తినేవారు తమ సంగతి తాము చూచుకొంటారు. సొరకాయ అన్నాను కనుక ఇంకొక్క మాట. తరిగేముందు ప్రతి కాయనుండి చిన్న ముక్క నాలుకపై పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయ మొత్తం పారవేయండి. ఉడికించినా ఆ విషం పోదు. చేదు సొరకాయ రసం త్రాగి మనుషులు ప్రాణాపాయంలో పడిన సంఘటనలను పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు 2012లో ప్రచురించిన నివేదిక కూడ ఈ జాగ్రత్తనే చెప్పినది.